తడి దుప్పటి

నీటిచుక్క సరిగ్గా నడినెత్తిన పడింది.

గడియారాల మెకానిక్ తలెత్తి చూశాడు. పై వాటా రెయిలింగు మీద మళ్ళీ అదే దుప్పటి, పిండకుండా ఆరేసి ఉంది.

"ఏమండీ, ఎన్నిసార్లు చెప్పాలి? పిండి ఆరేయలేరా?"

పై వాటా పెద్దాయన తొంగి చూశాడు. "చేతుల్లో బలం లేదు బాబూ."

"రోజూ దుప్పటి ఉతకడానికి మాత్రం ఉందన్నమాట."

ఆయన నవ్వి లోపలికి వెళ్ళిపోయాడు. ఆ నవ్వుతో మెకానిక్‌కి పుండు మీద కారం చల్లినట్టయింది.

అసలే అతని మనసు మనసులో లేదు. ఎదురుగా పెరటి గట్టు మీద, పళ్ళెంలాంటి కుండీలో, జానెడు మేపుల్ బోన్సాయ్ ఉంది. అది అతని కూతురు తెచ్చి పెట్టింది.

తల్లి పోయాక ఆ పిల్లకు మూడు రోజులు జ్వరం కాసింది. దుకాణంలో భూతద్దం పెట్టుకుని తల వంచుకు కూర్చున్న తండ్రికి ఆ సంగతే తెలియలేదు. నాలుగో రోజు పిన్ని వచ్చి తీసుకెళ్ళింది. మళ్ళీ ఆ పిల్ల గడప తొక్కింది ఈ కుండీ ఇవ్వడానికే. పెద్దాయన పై వాటాలో దిగిన వారం అది.

పెరట్లో నిలబడి గట్టిగానే చెప్పింది. "సెలవులకి వస్తాను నాన్నా. అప్పటికిది పచ్చగా ఉంటే ఇక్కడే ఉండిపోతాను. లేకపోతే పిన్ని దగ్గరే."

"మొక్కేగా. చూసుకుంటాలే."

"గడియారం ఆగితే మళ్ళీ తిప్పుతావు. ఇది ఆగితే ఆగిందే."

మొక్కల పెంపకంలో అతనికి ఓనమాలు రావు. వచ్చింది కీ ఇవ్వడం ఒక్కటే. అందుకని రోజూ ఉదయం ఏడింటికి, నిమిషం అటూ ఇటూ కాకుండా, ఒక టీ గ్లాసుడు నీళ్ళు పోసేవాడు. ఒట్టి పుల్లల్లా వచ్చిన మేపుల్ ఎర్రగా చిగురించింది. ఎండలు ముదిరినా ఆకు వాడలేదు. తనకూ ఒక ప్రాణాన్ని చూసుకోవడం వచ్చిందని లోలోపల పొంగిపోయాడు.

ఈ దుప్పటి ఒక్కటే పంటికింద రాయి. మధ్యాహ్నం భోజనానికి వచ్చేసరికి సరిగ్గా మొక్క మీదికి వేలాడుతూ, ఎండ తగలనివ్వకుండా, కుండీలోకి నీళ్ళు కారుస్తూ ఉండేది. లెక్క తప్పి వేళ్ళు కుళ్ళితే పిల్ల రాదు. ఆ భయంతో అతనికి అన్నం సహించేది కాదు.

ఓ రోజు మెట్లెక్కి మరీ అడిగాడు. "నేను కొలిచి పోస్తున్నాను. మీ నీళ్ళతో నా లెక్కంతా పాడవుతోంది."

"ఈ ఎండకి ఒక్క గ్లాసు చాలదు బాబూ. మధ్యాహ్నం మట్టిలో వేలు పెట్టి చూడు."

"మీరెప్పుడైనా పెంచారా బోన్సాయ్?"

"లేదు. ఇప్పుడే నేర్చుకుంటున్నా."

"తాను దూర సందు లేదు గానీ మెడకో డోలట," అని గొణుక్కుంటూ దిగి, తిన్నగా ఇల్లుగలావిడ దగ్గరికి వెళ్ళాడు.

"పన్నెండేళ్ళ నుంచీ ఉంటున్నాను. ఆయనో నేనో తేల్చండి."

రెండు రోజుల్లో పెద్దాయన ఖాళీ చేశాడు. ఒక ట్రంకు పెట్టె, చుట్టిన పరుపు, అంతే సామాను.

"మధ్యాహ్నం కాస్త నీడ చూసుకో బాబూ," అన్నాడు వెళ్తూ.

మెకానిక్ మొహం తిప్పుకుని దుకాణానికి బయల్దేరాడు.

మూడోనాటికి ఆకుల అంచులు మాడాయి. ఐదోనాటికి ముడుచుకుపోయాయి. ఏడింటికి గ్లాసు తప్పలేదు, ఆకులు మాత్రం రాలుతూనే ఉన్నాయి.

కూతురు ఫోన్ చేసింది. "ఆదివారం వస్తున్నా నాన్నా. బాగుందా?"

"ఆఁ," అన్నాడు.

కుండీ చంకన పెట్టుకుని నర్సరీకి పరిగెత్తాడు. నర్సరీ ఆవిడ మట్టిలో వేలు పెట్టింది.

"ఇసుకలా ఉందండీ. రోజుకి ఎన్నిసార్లు పోస్తున్నారు?"

"ఒక్కసారి. ఇన్నాళ్ళూ బాగానే ఉంది."

"ఇంత చిన్న కుండీ, ఈ ఎండలో, ఒక్కసారి పోస్తే బతకదు. ఇన్నాళ్ళూ పైనుంచి నీడా, తడీ ఏవో అందుతూ ఉండి ఉండాలి. ఈమధ్య అక్కడ ఏమైనా తీసేశారా?"

అతని కళ్ళ ముందు రెయిలింగు మీది తడి దుప్పటి మెదిలింది. "బతుకుతుందా?" అన్నాడు.

"చెప్పలేను. మళ్ళీ చిగురించినా నెల పడుతుంది."

అక్కడి నుంచి కుండీతోనే ఇల్లుగలావిడ గుమ్మంలోకి వెళ్ళాడు.

"పై వాటా ఆయన ఎక్కడికి వెళ్ళారండీ? వెనక్కి పిలవాలి."

"తెలీదయ్యా. అడ్రసు ఇవ్వలేదు. కంటి ఆపరేషను కూడా వాయిదా వేసుకుని ఇన్నాళ్ళూ ఇక్కడే ఉన్నాడు."

"దేనికి?"

"'పాప ఇంటికొచ్చేదాకా ఉండనివ్వమ్మా' అని బతిమాలాడు. మీ మాట కాదనలేకపోయాను. ఆయన కూతురే అనుకుని, వస్తే కబురు చెబుదామని పేరడిగాను."

"ఏమన్నారు?"

"'నాకు పిల్లలెక్కడమ్మా, కిందింటి పాప' అన్నాడు."