బామ్మర్ది చేసిన పొట్టు

"మీ తమ్ముణ్ణి రేపట్నుంచి పనికి రావద్దను," అన్నాడు వడ్రంగి, వంకరగా కోసిన చెక్కను భార్య ముందు పడేసి. "జ్వరం తగ్గి ఇవాళే వచ్చాడు, రాగానే ఇదీ నిర్వాకం. తలుపు చెయ్యమంటే పీట చేస్తాడు, పీట చెయ్యమంటే పొట్టు చేస్తాడు!"

బావే వెళ్లగొడితే వాడికి ఇంకెవరు పనిస్తారు, అనుకుంది ఆమె.

అంతలో ఎదురు బళ్లో బాయిలర్ చూసే పెద్దావిడ గోతాంతో వచ్చింది. ఈ కొట్లో మిగిలిన పొట్టూ చెక్కముక్కలూ మండించే ఆ బడి గదుల్ని వెచ్చబెడతారు.

"ఏం బాబూ, వారం నుంచి అర గోతామైనా నిండట్లేదు. పిల్లలు చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చుంటున్నారు. మీ చిన్నదైతే ఒకటే తుమ్ములు."

"ఈ వారం పనంతా నేనే చేశా. నా చేతిలో పుల్లముక్క వృథా పోదు," అన్నాడు వడ్రంగి గర్వంగా.

"అంటే ఇన్నాళ్లూ బడిని వెచ్చగా ఉంచింది మీ బామ్మర్దన్నమాట! అతన్ని మాత్రం వదులుకోకు బాబూ."

కూతురి తుమ్ములు వడ్రంగి ఇంట్లోనూ వింటున్నాడు. "సరే, ఉండనీ," అని గొణిగాడు.

అక్క ప్రాణం కుదుటపడేలోపే తమ్ముడు లోపల్నుంచి పరుగెత్తుకొచ్చాడు.

"పొమ్మనకు బావా! నువ్వరిచిన భయానికి రెండో చెక్క గీత మీదే కోశాను. చూడు, ఇంత కూడా వృథా కాలేదు!"

వడ్రంగి చెక్కను తిప్పి తిప్పి చూశాడు. వంక పెట్టడానికేమీ దొరకలేదు.

పెద్దావిడ అక్క వైపు నిష్ఠూరంగా చూసింది.

"ఇవాళే రావాలా తల్లీ, మీ తమ్ముడికి ఈ పనితనం?"