నాన్న బల్ల

బుధవారం పొద్దున్నే ఎనస్ తన గుర్రపు బగ్గీలోంచి ఒక ముసలాయన్ని దింపాడు.

గడ్డం లేదు. బయటివాళ్ళ ప్యాంటూ చొక్కా. ఇంగ్లీషాయన అనుకుంది ఎనస్ భార్య సలోమా. కార్లూ కరెంటూ వాడే బయటివాళ్ళంతా, అవి ముట్టని ఆమిష్ క్రైస్తవ జనానికి ఇంగ్లీషువాళ్ళే.

"బిషప్ జోనస్ పంపారు," అన్నాడు ఎనస్. "ఆదివారం సంఘం ఆరాధన ఈసారి మన కొట్టంలోనే కదా, కడగడానికి సాయం ఉంటాడు. ఊరూ పేరూ అడగొద్దన్నారు."

"అదేం చోద్యం?"

"పెద్దల మాటకి ఎదురు లేదనేది నువ్వే కదా."

నిజమే, అంటుంది. అనడం తేలిక. ఆ మాట మీద నిలబడడానికి ఆమె పడ్డ బాధ ఆమెకే తెలుసు.

సలోమా పాలు తాగే వయసులోనే తండ్రి లారీ కొనుక్కుని సంఘం విడిచి వెళ్ళిపోయాడు. సంఘం ఆయన్ని వెలివేసింది. ఫొటోలు దిగని జనం కాబట్టి ఆయన ముఖం ఎలా ఉంటుందో కూడా ఆమెకి తెలియదు.

వస్తే ఏం చెయ్యాలో మాత్రం తెలుసు. వెలి ఉన్నవాడు సంఘం ముందు తప్పొప్పుకుని మోకరించేదాకా ఇంట్లోవాళ్ళతో ఒకే బల్ల దగ్గర తినకూడదు. అందుకని ఎనస్ చేత ఒక చిన్న బల్ల చేయించి, వంటింట్లో పెద్ద బల్లకి బెత్తెడు ఎడంగా వేయించింది. ఆ ఎడం కనబడకుండా రెండింటి మీదికీ ఒకటే బల్లగుడ్డ కుట్టింది. బిషప్ మాట దాటినట్టూ ఉండదు, నాన్న దూరంగా ఉన్నట్టూ ఉండదు.

ఆ చిన్న బల్ల దగ్గర ఇప్పటిదాకా ఎవరూ తినలేదు.

మధ్యాహ్నం భోజనాలకి పిలిస్తే ముసలాయన తిన్నగా దాని దగ్గరికే నడిచాడు.

"అక్కడొద్దండీ," అంది సలోమా గబుక్కున. "అది మా నాన్నది."

ఆయన ఆగిపోయాడు. "ఎక్కడున్నారమ్మా మీ నాన్న?"

"తెలీదు. వస్తాడు."

"వస్తానని చెప్పాడా?"

"చెప్పక్కర్లేదు. బల్లుంది కదా, వస్తాడు."

ముసలాయన బల్లగుడ్డ అంచుని వేళ్ళతో ఒకసారి తడిమాడు.

"అలాగే ఉంచమ్మా. ఆయనకే ఉంచు."

పెద్ద బల్ల దగ్గరికి రమ్మని ఎనస్ ఎంత బతిమాలినా రాలేదు. వెళ్ళి వరండా మెట్టు మీద కూర్చున్నాడు. సలోమా బీన్స్ సూపూ రొట్టే తెచ్చి అందించబోతే, అక్కడ పెట్టమన్నాడు. ఆమె చెయ్యి తీశాకే గిన్నె ముట్టుకున్నాడు. మర్నాడూ అంతే.

ఆమెకి ఒళ్ళు మండింది. ఇంగ్లీషువాళ్ళకి మన చేతి కూడు ఎబ్బెట్టు కాబోలని ఎనస్ దగ్గర సణిగింది. నీ సూప్ సంగతి ఆయనకి ముందే ఎవరో చెప్పుంటారని ఎనస్ నవ్వాడు.

పని మాత్రం వంక పెట్టడానికి లేదు. కొట్టమంతా అద్దంలా కడిగాడు. మధ్యలో ఉన్న రెండు చెక్కలనైతే రోజూ మళ్ళీ మళ్ళీ రుద్దుతూనే ఉన్నాడు.

"అరిగిపోతాయి తాతా," అంది సలోమా కూతురు ఎడ్నా.

"మోకాళ్ళకి పేడ అంటకూడదు కదమ్మా," అన్నాడాయన.

శనివారం మధ్యాహ్నం గిన్నె తీసుకెళ్దామని సలోమా వరండాలోకి వచ్చింది. పెట్టిన రొట్టె పెట్టినట్టే ఉంది. ముసలాయన స్తంభానికి ఆనుకుని, తెరిచి ఉన్న వంటింటి తలుపువైపే చూస్తున్నాడు. పిలిస్తే పలకలేదు.

ఎనస్ బగ్గీ కట్టుకుని పరుగున వెళ్ళి బిషప్ జోనస్‌ని తీసుకొచ్చాడు.

బిషప్ టోపీ తీసి, మెట్టు మీద ఆయన పక్కనే కూర్చున్నాడు. తన చేత్తో ఆ కళ్ళు మూశాడు.

"ఎవరి కన్నతండ్రో పాపం," అంది సలోమా. "వాళ్ళకి కబురెలా పంపాలి?"

"మీ బల్ల దగ్గర తిన్నాడా?" అని అడిగాడు బిషప్.

"లేదండీ. ఎంత పిలిచినా రాలేదు."

"నీ చేతిలోంచి ఏమన్నా అందుకున్నాడా?"

"ఒక్కసారి కూడా లేదు. పొగరనుకున్నాను."

"పొగరు కాదు. నేను చెప్పిన మాట. రేపు సంఘం ముందు మోకరిస్తానని వచ్చాడు. అందాకా ఆ రెండూ చెయ్యొద్దన్నాను, అలాగే అన్నాడు. తనెవరో మీకు చెప్పొద్దని మాత్రం ఆయనే అడిగాడు. తెలిస్తే ఈ ఇంట్లోవాళ్ళు నా మాటకీ ఆయనకీ మధ్య నలిగిపోతారట."

బిషప్ కళ్ళు తుడుచుకుని వంటింటివైపు చూశాడు.

"ఆ రెండు బల్లలూ కలిపెయ్, సలోమా. మీ నాన్న బుధవారమే వచ్చాడు."