వెంటనే పలికే పెట్ట

జొన్నచేను గట్టు మీద ఒక కౌజుపిట్టల జంట కాపురముండేది. ఒక ఉదయం పక్కనున్న రేగుపొదలోంచి కొత్త పుంజు కూత వినిపించింది. ఆ కూత ఆగిందో లేదో, "ఊఁ, వచ్చేస్తున్నా" అని ఒక పెట్ట తియ్యగా బదులు పలికింది. మళ్లీ అదే కూత, మళ్లీ అదే బదులు.

గట్టు మీది పుంజుకు ఒళ్లు మండిపోయింది.

"విన్నావటే? వాడు పిలవడమే ఆలస్యం, ఆవిడ పలికేస్తోంది. నేను గొంతు చించుకున్నా నువ్వు చెదపురుగులు ఏరుకుంటూ కూర్చుంటావు!"

"అక్కడ పెట్టా లేదు, పాడూ లేదయ్యా," అంది పెట్ట. "ఇందాక ఒక మనిషి ఆ పొదలో కూతలు పలికే డబ్బా పెట్టి మీటలు నొక్కుతుంటే చూశాను. ముందు పుంజు కూత, వెంటనే పెట్ట బదులు వచ్చేలా వరస కుదిర్చాడు. అయినా ఒక్కసారి కూడా విసుక్కోని పెళ్లాం ఎక్కడైనా ఉంటుందా?"

"ఆవిణ్ణి చూసి నీకు కుళ్లు! ముందు వాడి పొగరు అణిచి వస్తా," అంటూ పుంజు రివ్వున పొదలోకి దూరింది.

లోపల డబ్బా తప్ప ఎవరూ లేరు. తేరుకునేలోగా పైనుంచి వల పడింది.

"చచ్చాను దేవుడో!" అని పుంజు కేకపెట్టింది.

"ఊఁ, వచ్చేస్తున్నా," అంది డబ్బా, అంతే తియ్యగా.

"చెబితే వింటేగా, మొండి పీనుగా!" అని తిడుతూ, వల తాళ్లను ముక్కుతో పీకడానికి పరుగెత్తుకొచ్చింది మాత్రం చెదపురుగులు ఏరుకునే పెట్టే.