నాలుగో పీపా

“గరిటె మరగబెట్టాను. గరాటు మరగబెట్టాను. పీపా మూత, గొట్టం, కుళాయి, అన్నీ మరగబెట్టాను” అన్నాడు ఓతాకర్, వంటింటి ఆవిరిలో చెమటలు కక్కుతూ.

“ఇక మిగిలింది నేనే. నన్నూ ఓసారి ఆ నీళ్లలో ముంచి తీయరాదూ?” అంది భార్య లిబుషె. బల్ల మీద చోటు లేక సాసేజీల జాడీని ఒళ్లో పెట్టుకుని, అందులో ఉల్లిచక్రాలు పేర్చి వెనిగర్ పోస్తోంది.

“నవ్వు, నవ్వు. మూడు పీపాలూ వెనిగరైపోయాయంటే ఎక్కడో మురికి ఉన్నట్టే. ఈసారి దాని అంతు చూస్తా.”

“క్రితంసారీ ఇదే మాట అన్నావు.”

ఓతాకర్ రైల్వేలో సిగ్నళ్లు బాగుచేసి రిటైరైన మనిషి. ఏదైనా పాడైతే కారణం దొరికేదాకా అతనికి కాలూ చెయ్యీ ఆడదు. అలాంటివాడికి ఈ బీరు కొరకరాని కొయ్యయి కూర్చుంది.

అసలీ గొడవంతా కిందటేడు ‘మూడు బాతులు’ పబ్బులో మొదలైంది. బీరు పలచబడిందని ఓతాకర్ యజమానితో తగువు పెట్టుకున్నాడు. “ఇంతకంటే మంచి బీరు మా నేలమాళిగలో నేనే కాస్తా” అన్నాడు. పెళ్లికి ముందునుంచీ అతను రోజూ కూర్చునే బల్ల అంతా గొల్లున నవ్వింది. పౌరుషం పొడుచుకొచ్చి, కాచి చూపించేదాకా ఈ గడప తొక్కితే ఒట్టు అనేశాడు. కొక్కేనికి వేలాడే తన సొంత మగ్గును కూడా అక్కడే వదిలేసి వచ్చేశాడు. ఆ బల్ల దగ్గర మాట తప్పినవాడు మళ్లీ తలెత్తుకుని కూర్చోలేడు.

అంతకుముందు అతను సాయంత్రమయ్యేసరికి కోటు తగిలించుకునేవాడు. లిబుషె రేడియోను ఎదురుగా పెట్టుకుని సూప్ తాగేది. ఇప్పుడు మొగుడు ఎదురుగా కూర్చుని, పాత క్యాలెండర్ కాగితాల వెనక బీరు ప్లాన్లు గీస్తున్నాడు. బీరుకు చేదునిచ్చే హాప్ పువ్వులు ఎన్ని వేయాలని ఇద్దరూ పోట్లాడుకుంటున్నారు. పోట్లాడి పోట్లాడి పేకాటకి కూర్చుంటున్నారు. చిన్నప్పుడు హాప్ తోటల్లో పువ్వులు కోయడానికి వెళ్లి, నిచ్చెన మీద నిద్రపోయి పడ్డ సంగతి లిబుషె అతనికి చెప్పింది ఆ సాయంత్రాల్లోనే.

“ఇన్నేళ్లూ ఈ కథ నాకెందుకు చెప్పలేదే?” అన్నాడు ఓతాకర్.

“నువ్వు ఇంట్లో ఉంటేగా.”

పీపాను నేలమాళిగలోకి దింపిన కొన్నాళ్లకి రోస్త్యా వచ్చాడు. పబ్బులో ఓతాకర్ పక్క కుర్చీ అతనిదే.

“ఒరేయ్ ఓతా, నీ కుర్చీలో కొత్తగా వచ్చిన మాస్టారు కూర్చుంటున్నాడ్రా. ఈ పీపా కూడా పోతే నీ మగ్గు అతనికి ఇచ్చేస్తానంటున్నాడు యజమాని. నువ్వే ఏదో ఒకటి చెప్పు వదినా.”

“నేనేం చెప్పను? బీరు చెప్పాలి” అంది లిబుషె.

రోస్త్యా వెళ్లాక ఓతాకర్ తన చేతులకేసి చూసుకుంటూ ఉండిపోయాడు.

“లీబా, ఈ చేతులు పట్టుకుంటే ఎలాంటి సిగ్నలైనా దారికొచ్చేది. ఒక్క పీపా కుదరదేం? వయసైపోయిందంటావా?”

ఆ మనిషి అంత చిన్నబోవడం లిబుషె ఎప్పుడూ చూడలేదు. మర్నాడు అతను పబ్బుకు వేసుకెళ్లే నీలం చొక్కా బీరువాలోంచి తీసి, చక్కగా ఇస్త్రీ చేసి కుర్చీకి తగిలించింది.

“ఇదెందుకు?”

“ఈసారి కుదురుతుంది. చూస్తూ ఉండు.”

“నీకెలా తెలుసు?”

“తెలుసులే” అంది, ఇస్త్రీపెట్టె వైపు తిరిగి.

పీపా తెరిచే రోజు రోస్త్యా ముక్కు చీదుకుంటూ దిగాడు. కోటు లోపల ఓతాకర్ మగ్గు ఉంది. “యజమానిని బతిమాలి తెచ్చా. ఇందులోనే తాగాలి నువ్వు.”

ముగ్గురూ బంగాళాదుంపల బస్తాలు దాటుకుని నేలమాళిగ చివరికి వెళ్లారు. ఓతాకర్ కుళాయి తిప్పాడు. బంగారు రంగులో బీరు దిగింది. పైన నురగ గట్టిగా నిలబడింది.

“నాకియ్యరా ముందు” అని రోస్త్యా చెయ్యి చాపాడు.

“కాచినవాడిదే మొదటి గుక్క.”

ఓతాకర్ తాగాడు. కళ్లు మూసుకున్నాడు. కాసేపటిదాకా తెరవలేదు. తరువాత మొహం చిట్లించి, “వెనిగర్” అన్నాడు.

“జలుబుతో నాకు వాసన తెలీట్లేదు. ఏదీ, ఒక చుక్క నాలిక్కి…”

“పోయిన పరువు చాలు, వదిలెయ్” అంటూ పీపా అడుగు బిరడా లాగేశాడు. బీరంతా బుడబుడమంటూ నేలమీది కాలవలోకి పోయింది.

రోస్త్యా నెత్తి కొట్టుకున్నాడు. “మరి నీ కుర్చీ?”

“మాస్టారినే కూర్చోమను. ఒట్టు ఒట్టే. మగ్గు మాత్రం ఇక్కడే ఉండనీ.”

రోస్త్యా వెళ్లిపోయాడు. ఓతాకర్ సుత్తి తెచ్చి పొయ్యి పక్క గోడకు మేకు కొట్టి, మగ్గు తగిలించాడు. ఇస్త్రీ చొక్కాను తనే మడిచి బీరువాలో పెట్టాడు.

“ఈసారి నల్ల బీరు కాద్దాం. దాంతో పేచీ ఎక్కువ. చలికాలమంతా కూర్చుని ప్లాను వేయాలి. పేకలు పంచు లీబా.”

లిబుషె కట్టుకున్న ఏప్రన్ అంచుతో కళ్లు తుడుచుకుంది.

“ఏమిటే, ఏడుస్తున్నావా? పోతే పోయింది, వెధవ పీపా.”

“ఉల్లిపాయలు” అంది.

బల్ల మీద ఆ పూట ఉల్లిపాయల్లేవు. ఓతాకర్ అది పట్టించుకోకుండా తన పేకముక్కలు సర్దుకుంటున్నాడు. పేకలు చేతిలో పట్టుకుని ఆమె అతని మొహంలోకి చాలాసేపు చూసింది.

ఆ ఒక్క పీపాలో ఆమె వెనిగర్ పోయలేదు.