ఇరుక్కున్న చెయ్యి

"చెయ్యి ఇరుక్కుంది."

ఆ మాట ఆయన ఇంజనుతో అన్నాడో పెళ్ళాంతో అన్నాడో తెలియలేదు. బానెట్ కింద నడుము దాకా మాయమైపోయి ఉన్నాడు.

ఆమె సూట్‌కేసు వాకిట్లో పెట్టి, టాక్సీ కోసం వీధి వైపు చూసింది. అక్కగారింటికి వెళ్ళిపోతోంది. మళ్ళీ ఎప్పుడొస్తుందో ఆమె చెప్పలేదు. అడిగే ధైర్యం ఆయనకూ లేదు.

కారు వయసు వాళ్ళ కాపురం కన్నా ఎక్కువ. దాని పాడైన స్టార్టర్ మోటారు ఇంజను వెనకాల, కిందుగా, నరమానవుడి చెయ్యి దూరని చోట ఉంటుంది. షెడ్డుకిస్తే ఒక్క పూటలో మార్చేస్తారు. కానీ ఫోన్లో నాలుగు వీడియోలు చూసిన మొగుడికి షెడ్డు ఎందుకు? ఆదివారాలన్నీ దానికే ధారపోశాడు. విప్పిన సామాను ముందు వరండాలో పరిచాడు. తర్వాత భోజనాల బల్ల ఎక్కించాడు. ఆమె ఓర్చుకుంది. పిండి జల్లెడలో నట్లూ బోల్టులూ వేసి పెట్రోలుతో కడిగిన రోజున మాటలు ఆగిపోయాయి. అప్పటి నుంచి ఆ ఇంట్లో చప్పుడు చేసేది ఫ్రిజ్ ఒక్కటే.

ఇప్పుడూ నోరు మెదపకూడదనే అనుకుంది. కానీ ఇలాంటి అవకాశం మళ్ళీ రాదు.

"బుర్ర ఎప్పుడో ఇరుక్కుంది. చెయ్యే మిగిలింది, అదీ అయింది."

"నొప్పిగా ఉందే."

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల?"

"కొత్త జల్లెడ కొనిస్తాలే."

"నా ఏడుపు జల్లెడ గురించనుకుంటున్నారా?"

"కాదని తెలుసు," అన్నాడు మెల్లగా.

ఆమె వీధి వైపు చూడడం మానేసి, కారు దగ్గరికొచ్చింది.

"నూనె పట్టుకొస్తాను. కదలకండి," అంది. కదలలేని మనిషికి ఆ సలహా ఎందుకో ఆమెకే తెలియాలి.

వంటింట్లో నూనె సీసా దొరకడానికి చాలాసేపే పట్టింది. తెచ్చి, ఆయన మోచేతి మీద ధారగా పోసింది. చెయ్యి మాత్రం రాలేదు.

ఇంతలో టాక్సీ వచ్చింది. డ్రైవరు దిగి, సూట్‌కేసునూ బానెట్ కింద వేలాడుతున్న మనిషినీ మార్చి మార్చి చూశాడు.

"నేనో పట్టు పట్టి లాగనా సార్?"

"వద్దొద్దు. ఎముక విరుగుతుంది," అన్నాడాయన గాభరాగా.

"మరి మీరు బయల్దేరతారా అమ్మా?"

ఆమె ఒక్క నిట్టూర్పు విడిచింది.

"ఎక్కడికి బయల్దేరను బాబూ? ఇంటాయన ఈ స్థితిలో ఉండగా వదిలేసి పోతే లోకం నాకు గడ్డి పెట్టదూ? నువ్వెళ్ళు."

టాక్సీ వెళ్ళిపోయింది. ఆమె సూట్‌కేసు లోపల పెట్టి, టీ కాచి, ఒక ముక్కాలిపీట తెచ్చుకుని కారు పక్కన కూర్చుంది. కప్పు తనే ఆయన నోటికి అందించింది.

"ఇంకా రావట్లేదా?"

"ఊహూఁ."

"తొందరేం లేదు. చీకటి పడేదాకా అలాగే ఉండండి. నేను చెప్పాల్సింది బోలెడుంది."

ఆ ఇరుక్కున్న చెయ్యి హాయిగా బయటికొచ్చి, ముక్కు గోక్కుని, బుద్ధిగా మళ్ళీ ఇంజను వెనక్కి దూరడం, ఇందాక నూనె కోసం వెళ్ళినప్పుడే ఆమె వంటింటి కిటికీలోంచి చూసింది.