మోసినవాడు

పెద్ద వరద వచ్చిపోయిన మూడో ఏడు జరిగిందిది.

పెయింటరు రెండో అంతస్తు పరంజా మీంచి వెల్లకిలా పడ్డాడు. అందరికంటే ముందు తాపీ మేస్త్రి చేరాడు. ఇసుకలో మోకాళ్ళ మీద కూలబడి, పడ్డవాడి తలను రెండు అరచేతుల మధ్య పట్టుకున్నాడు.

"తల ఊపకు. నోటితోనే చెప్పు. కాలివేళ్ళు ఆడించు."

వేళ్ళు ఆడాయి.

"మెడ పీకేస్తోందన్నా."

"పీకనీ. కదలకు."

పెయింటరు బావ పరుగెత్తుకొచ్చాడు. అదే ఇంట్లో వడ్రంగి పని చేస్తున్నాడు. "చంకలు పట్టండ్రా! ఆటోలో వేసేద్దాం."

"ముట్టుకోవద్దు. అంబులెన్సుకి ఫోన్ చెయ్యి."

"వంతెన కొట్టుకుపోయి మూడేళ్ళాయె. చుట్టూ తిరిగి అదెప్పుడొస్తుంది?"

మేస్త్రి చేతులు తియ్యలేదు.

వరదలో మేస్త్రి చేసిన పని అక్కడ తెలియనివాళ్ళు లేరు. కప్పు మీంచి జారిపడ్డ తమ్ముణ్ణి భుజాన వేసుకుని, గుండెలోతు నీళ్ళలో ఆస్పత్రిదాకా నడిచాడు. పేపర్లో ఫోటో వేశారు. కంట్రాక్టరు దాన్ని సిమెంటు గది తలుపుకి అంటించాడు. తమ్ముడెలా ఉన్నాడని ఎవరైనా అడిగితే మేస్త్రి "ఉన్నాడు" అంటాడు. అంతే.

వడ్రంగి ఆ తలుపువైపు చెయ్యి చూపించాడు. "సొంత తమ్ముడైతే అన్ని నీళ్ళలో మోశావు. మావాడనేసరికి నాలుగడుగులు మొయ్యలేవా? భుజం అరిగిపోయిందా మేస్త్రీ?"

మేస్త్రి పెయింటరు కాలివేళ్ళవైపే చూస్తున్నాడు.

"గుడ్ల మీద కోడిలా కూర్చున్నాడు చూడు" అన్నారెవరో.

పెయింటరు నవ్వబోయాడు.

"నవ్వకు" అన్నాడు మేస్త్రి.

ఎండ ముదిరింది. మోకాళ్ళు తిమ్మిరెక్కాయి. కాసేపటికి అవి ఉన్నట్టే తెలియలేదు. చెమట కళ్ళలోకి కారుతున్నా తుడుచుకోలేదు. వడ్రంగి ఒకసారి నిజంగానే కాళ్ళు పట్టుకుని ఎత్తబోయాడు. మేస్త్రి అతనివైపు చూశాడు. ఆ చూపుకి వడ్రంగి కాళ్ళు వదిలేసి ఇసుకలో చతికిలబడ్డాడు.

"మా ఆవిడకి ఒక్కడే తమ్ముడు మేస్త్రీ" అని ఏడ్చాడు.

గంటన్నరకి అంబులెన్సు వచ్చింది. మెడకి పట్టీ వేశారు. నలుగురూ ఒక్కసారే పట్టి, వంగకుండా బల్ల మీదికి చేర్చారు. వేళ్ళు ఇంకా ఆడుతూనే ఉన్నాయి.

"మెడ ఎముక దెబ్బతిన్నట్టుంది. ఎత్తి కుదేసుంటే మనిషి మంచానికే" అన్నాడు అంబులెన్సు మనిషి. "ఇదంతా నీకెవరు నేర్పారు పెద్దాయనా?"

"మా తమ్ముడు."

బండి వెళ్ళిపోయింది. మేస్త్రి లేవబోయి లేవలేకపోయాడు. వడ్రంగే చంకల్లో చేతులేసి లేపాడు.

మర్నాడు పొద్దున మేస్త్రి ఎప్పటిలాగే నీళ్ళు కాచాడు. మంచం మీది తమ్ముడి కాళ్ళు ఒక్కొక్కటే ఎత్తి ఒళ్ళో పెట్టుకుని తడిగుడ్డతో తుడిచాడు.

వరదరోజు తను ఎత్తి భుజాన వేసుకునేదాకా ఆ కాళ్ళు ఆడుతూనే ఉన్నాయి.