గుండె మీద చెయ్యి

"నా కాపురంలో నిప్పులు పోసింది మీరే సారూ! ముమ్మాటికీ మీరే!"

తలుపు తట్టకుండా ఫ్యాక్టరీ షెడ్డు మేనేజరు గదిలోకి దూసుకొచ్చిన డ్రిల్లరు, చేతి గ్లౌజులు తీసి టేబులు మీద విసిరికొట్టాడు. అక్కడ టీ గ్లాసు కింద మూడు కాగితాలు నలుగుతున్నాయి. మూడూ అతని భార్య రాసిచ్చినవే. క్రేన్ హారన్ మోగడం లేదు, బాగుచేయించండి అని. మొదటిది ఇచ్చి నలభై రోజులైంది. గ్లాసు మరక టేబులుకు అంటకుండా అవి మేనేజరుకు బాగా పనికొస్తున్నాయి.

"నేనేం చేశానయ్యా?"

"మా ఆవిణ్ణి క్రేన్ ఎక్కించారు. సరే. కింద సైగలు చెయ్యడానికి ఆ జెండాగాణ్ణెందుకు పెట్టారు?"

సిగ్నల్‌మన్‌ని షెడ్డంతా జెండా అనే పిలుస్తుంది. అతని జేబులోంచి ఎర్ర గుడ్డ ఒకటి ఎప్పుడూ వేలాడుతూ ఉంటుంది.

"ఎనిమిది గంటలూ వాణ్ణే చూస్తుంది సారూ. వాడు వేలు ఎత్తితే పైకి, వేలు దించితే కిందికి. ఇంట్లో నేను గొంతు చించుకుని మంచినీళ్ళు అడిగితే, 'చేతులు లేవా' అంటుంది!"

మేనేజరు పకపకా నవ్వాడు. "సైగ చేసేవాణ్ణి చూడక, నీ మొహం చూస్తూ నడపమంటావా?"

"నవ్వకండి. గోడ మీద చార్టు నాకూ తెలుసు. పైకి, కిందికి, అటు, ఇటు, ఆపు. మరి గుండె మీద చెయ్యి ఏ చార్టులో ఉంది?"

మేనేజరు నవ్వు ఆగింది.

"ఎడమ చెయ్యి ఇలా గుండె మీద పెట్టుకుంటాడు. అంతే, క్రేన్ గోముగా ఆగుతుంది. ఆవిడ అద్దంలోంచి కిందికి చూసి నిట్టూరుస్తుంది. నిన్న ఒక్కరోజే ఆరుసార్లు చూశాను!"

"నీ మిషన్ ఆ చివర కదా. ఆరుసార్లు ఎలా చూశావు?"

"పని వదిలేసి వెళ్ళాను. కట్టుకున్నవాణ్ణి, వెళ్ళనా? నేను కనిపిస్తే చాలు, 'అటెళ్ళు బావా, అటెళ్ళు' అని తరుముతాడు. ఆవిణ్ణి చెల్లెమ్మా అంటాడు, నన్ను బావా అంటాడు. వరస కలిపేస్తే ఎవరికీ అనుమానం రాదని! ఈ పూటే ఆవిణ్ణి కిందికి దించండి. స్టోర్‌లో కూర్చోబెట్టండి."

లోడు గాజుగ్లాసులా దించగల మనిషి ఆ షెడ్డులో ఆమె ఒక్కతే. మేనేజరుకు ఆ సంగతి తెలుసు. కానీ తగాదా తీర్చడం కంటే మనిషిని తీసెయ్యడం సులువు. హారన్ బాగుచేయించడం కంటే కూడా.

"పద, నా కళ్ళతో చూస్తాను. నిజమైతే సాయంత్రానికి ఆమె స్టోర్‌లోనే."

మనుషులు నడవడానికి పసుపు గీతలు గీసిన దారి నిండా ఇనుప రేకుల కట్టలు పేర్చి ఉన్నాయి. మేనేజరు వాటి దగ్గరే ఆగిపోయాడు. డ్రిల్లరు ఆగలేదు. అడ్డంగా షెడ్డు మధ్యలోకి నడిచాడు. గ్రైండింగ్ రొదలో చెవులు దిబ్బళ్ళు పడుతున్నాయి. పైన ఆమె మూడు టన్నుల కట్టను మోసుకొస్తోంది. కింద జెండా కుడి చెయ్యి 'రా, రా' అని ఊగుతోంది.

డ్రిల్లరు ఆ చేతి మీదే కళ్ళు పెట్టి గబగబా వెళ్ళాడు. అతన్ని చూడగానే జెండా మొహంలో నెత్తుటి చుక్క లేదు. నోరు తెరిచి ఏదో అరిచాడు. ఎడమ చెయ్యి గుండె మీదికి వెళ్ళింది.

"చూశారా సారూ! చూశారా!"

డ్రిల్లరు ఉన్నచోటే గంతులేశాడు. నెత్తిన నీడ పడింది. ఈ షెడ్డులో ఏ లైటు తిన్నగా వెలిగి చచ్చింది గనక అనుకున్నాడు. మేనేజరు చూపు కూడా జెండా చేతిని వదల్లేదు. నిజమే. చార్టులో లేని సైగ.

క్రేన్ చిన్న కుదుపైనా లేకుండా ఆగింది. మెల్లగా వెనక్కి మళ్ళి లోడు దించింది. ఆమె నిచ్చెన దిగి వచ్చింది. చేతులు వణుకుతున్నాయి.

"దొరికిపోయావుగా, అందుకే వణుకు!" అన్నాడు డ్రిల్లరు.

"ఏమిటమ్మా ఆ గుండె మీద చెయ్యి?" మేనేజరు గద్దించాడు.

జెండా నేల చూపులు చూశాడు. "వద్దులెండి సారూ, బావ చిన్నబుచ్చుకుంటాడు."

"బావా అన్నావంటే పళ్ళు రాలగొడతాను!"

ఆమె మొగుడి వైపు తిరిగింది. "నిన్న ఎన్నిసార్లు చూశారు?"

"ఆరు! ఇప్పటిది కలిపి ఏడు!"

"నా లెక్కా అంతే." హెల్మెట్ తీసి మేనేజరు చేతిలో పెట్టింది. "ముందు హారన్ బిగించండి. ఈ పూటే. ఆ దారిలో రేకులు తీయించండి. అప్పటిదాకా క్రేన్ ఎక్కను."

"హారన్‌కీ, వీడి గుండెకీ ఏమిటమ్మా సంబంధం?"

"హారన్ ఉంటే మోగించేదాన్ని. లేదు. చార్టులో 'ఆపు' చూసి టక్కున ఆపితే లోడు ఊగుతుంది. అందుకని మేమిద్దరం పెట్టుకున్న సైగ అది. దానర్థం, 'చెల్లెమ్మా, బావ మళ్ళీ లోడు కిందికొచ్చాడు!'"